శిశువుల టీకాలు - అహింసా విచారము

మశూచి వచ్చి పోయిన పిమ్మటగాని ఇంటిలో పిల్లలు ఎందరని లెక్కపెట్టరాదని పూర్వము అనేక దేశములలో పెద్దలు అనుకొనెడివారు. ఆ మాటలో వైరాగ్యము లేదు, అనుభవము కలదు. పోలేరమ్మకో మారమ్మకో గుడి లేని గ్రామము తెలుగువారిలో అరుదు. గుమ్మమునకు వేపమండలు కట్టిన ఇంటిని చూచి బాటసారి తప్పుకొని పోయెడివాడు. కంఠసర్పి సోకిన బిడ్డకు గొంతులో పొర కట్టి ఊపిరి ఆడెడిది కాదు. కోరింత దగ్గు పట్టిన పసికందు దగ్గి దగ్గి నీలమై తల్లి ఒడిలోనే కన్నుమూసెడిది. నేటి యువ దంపతులలో ఈ దృశ్యములను కన్నులార చూచినవారు బహు కొద్దిమంది. అది వారి అదృష్టము. కాని చూడకపోవుట వలన ఒక ప్రమాదము కూడ పుట్టినది.

ఈ మార్పు దానంతట అది వచ్చినది కాదు. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసముతో టీకా వేసి చూపెను. 1802లో బొంబాయిలో మూడేండ్ల బాలికకు వేసిన టీకాతో ఆ పద్ధతి ఈ దేశమున అడుగు పెట్టినది. 1975లో మశూచి భారతదేశమును విడిచినది. 1980లో అది భూమిపైననే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. 2011 జనవరిలో హౌరా జిల్లాలో ఒక పసిపాపకు వచ్చిన పోలియో ఈ దేశమున సహజముగా వ్యాపించిన పోలియోలో చివరిది. 1963లో తట్టుకు టీకా వచ్చుటకు పూర్వము ప్రపంచమున ఏటేట సుమారు 26 లక్షల మంది ఆ రోగముతో మరణించుచుండిరని అంచనా. 2023లో ఆ సంఖ్య సుమారు ఒక లక్షా ఏడువేలు. తగ్గుదల గొప్పదే. కాని మిగిలిన ఆ లక్ష మందిలో అధికులు టీకా అందని పిల్లలు, లేదా చాలినన్ని మోతాదులు అందని పిల్లలు.

దొంగతనములు ఆగిన వీధిలో కొంతకాలమునకు కావలివాని జీతము దండుగ ఖర్చుగా కనబడును. దొంగలు ఎందువలన రావడము లేదో ఎవరికిని జ్ఞాపకముండదు. టీకాల కథయు ఇంతే. రోగము కనుమరుగైన కొలది రోగభయము తగ్గును. టీకా మాత్రము కంటి ఎదుట నుండును గనుక టీకాభయము పెరుగును. సూది గుచ్చినపుడు బిడ్డ ఏడ్చును, రాత్రి జ్వరము వచ్చును. ఆ జ్వరము కనబడును. రాకుండ పోయిన రోగము ఎవరికిని కనబడదు.

కావలివానిని తీసివేసినచో ఏమగునో జపాన్ దేశము చూపినది. 1974లో అచట కోరింత దగ్గు 393 మందికి మాత్రమే వచ్చినది, మరణము ఒక్కటియు లేదు. ఆ శీతకాలమున టీకా పొందిన ఇద్దరు శిశువులు మరణించుటచే దేశము కలవరపడినది. ఎనుబది శాతము పిల్లలు టీకా పొందుచుండిన దేశమున 1976 నాటికి అది పది శాతమునకు దిగినది. 1979లో పదమూడు వేలకు పైగా పిల్లలు రోగగ్రస్తులైరి, 41 మంది మరణించిరి. ఇద్దరు శిశువుల మరణము చిన్న విషయమని ఎవ్వరును అనజాలరు. ఆ దుఃఖమునకు విరుగుడుగా ఎంచుకొన్న మార్గము నలువది ఇండ్లలో దుఃఖమును నింపినది. 1981లో దుష్ఫలితములు తక్కువగా గల క్రొత్త టీకాను ప్రవేశపెట్టిన పిమ్మట రోగము మరల వెనుకకు తగ్గినది. భయమునకు సరియైన సమాధానము టీకాను మానుట కాదు, మేలైన టీకాను కోరుట అని ఆ చరిత్ర చెప్పుచున్నది.

సమోవా ద్వీపముల కథ ఇంకను దారుణము. పసిఫిక్ సముద్రములోని ఆ చిన్న దేశ జనాభా రెండు లక్షలు. 2018 జూలైలో ఇద్దరు శిశువులు తట్టు టీకా వేసిన వెంటనే మరణించిరి. మందుపొడిని నీటితో కలుపుటకు బదులు పొరపాటున మత్తుమందుతో కలిపిరని పిమ్మట తేలినది. దోషము మందుది కాదు, కలిపిన చేతిది. కాని నిజము తేలులోపల వదంతి ఊరూర తిరిగి వచ్చినది. ప్రభుత్వము కొన్ని నెలలపాటు టీకాలనే నిలిపివేసినది. టీకా పొందిన శిశువులు సుమారు 31 శాతమునకు తగ్గిరి. 2019 చివర తట్టు ఆ ద్వీపములలో ప్రవేశించినది. 5,700 మందికి పైగా రోగము సోకినది, 83 మంది మరణించిరి. వారిలో అధిక సంఖ్యాకులు అయిదేండ్ల లోపు పిల్లలు. డిసెంబరు 5, 6 తేదీలలో ప్రభుత్వము కచేరీలను, దుకాణములను మూసివేయించి, టీకా వేయించుకొనని వారున్న ప్రతి ఇంటి ముందు ఎర్ర గుడ్డ కట్టవలెనని ఆజ్ఞాపించినది. వైద్య బృందములు ఆ గుడ్డలను చూచుకొని ఇంటింటికి పోయినవి. వేపమండలు కట్టిన గుమ్మములకును ఆ ఎర్ర గుడ్డలకును మధ్య ఎంతో దూరము లేదు.

అన్యోన్యముగా కలిసి బ్రతుకు సమాజములకు ఈ విషయమున ప్రత్యేకమైన హెచ్చరిక కలదు. హాలెండు దేశములో మత విశ్వాసముచే టీకాలు నిరాకరించు క్రైస్తవ సమాజములు కొన్ని కలవు. దేశమంతట పోలియో తొలగిన పిమ్మట కూడ 1978లో 110 మందికి, 1992-93లో 71 మందికి ఆ రోగము వచ్చినది, వారు దాదాపు అందరును ఆ సమాజముల వారే. 2025లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున టీకాలు అంతగా పాటింపని ఒక మెన్నొనైట్ సమాజములో మొదలైన తట్టు 762 మందికి వ్యాపించి, బడికి పోవు ఇద్దరు పిల్లలను బలిగొన్నది. వారందరును నిష్ఠాపరులు, కష్టజీవులు, ఒకరి కష్టమునకు ఒకరు అడ్డుపడువారు. ఒకే ప్రార్థనా మందిరము, ఒకే బడి, ఒకే విందు, ఒకే పెండ్లి పందిరి. ఏ ఐకమత్యము వారికి బలమో ఆ ఐకమత్యమే రోగమునకు రాజమార్గమైనది.

ఇది పరదేశముల గొడవ మాత్రమే అనుకొనుట సరికాదు. 2015, 2016 సంవత్సరములలో కేరళలోని మలప్పురం జిల్లాలో కంఠసర్పి మరల తలయెత్తి టీకాలు పొందని పిల్లలను పొట్టన పెట్టుకొన్నది. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకాల ఉద్యమము కర్ణాటకము, తమిళనాడు, గోవా, లక్షద్వీపములతో పాటు యానాము చేరిన పుదుచ్చేరిలో మొదలైనపుడు, టీకా ప్రమాదకరమను వదంతులు సెల్ ఫోనులలో అతివేగముగా వ్యాపించినవి. చదువుకొన్న కుటుంబములలోనే కొందరు ఆనాడు పిల్లలను బడికి పంపక ఇంట నుంచుకొనిరి. 2022లో బొంబాయి నగరమున తట్టు చెలరేగి పదిమందికి పైగా పిల్లలు మరణించిరి. కరోనా కాలమున టీకాలు వెనుకబడుట దానికి ఒక కారణము, కొన్ని కుటుంబముల విముఖత మరియొక కారణము.

ఇంతవరకు వృత్తాంతము. ధర్మవిచారము ఇచట ప్రారంభమగుచున్నది. టీకా నిరాకరించు తలిదండ్రులు క్రూరులు కారు, మూర్ఖులును కారు. బిడ్డపై ప్రేమచేతనే వారు వెనుకాడుదురు. వారి సందేహములకు హేళన సమాధానము కాదు. ముఖ్యముగా అహింసా వ్రతమును తరతరములుగా పాటించు కుటుంబములలో పుట్టు సందేహము ఒకటి మిక్కిలి గౌరవింపదగినది: జీవహింసతో తయారైన వస్తువును బిడ్డ శరీరములోనికి ఎట్లు ఎక్కింతుము?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మశూచి టీకాను ఆ కాలమున దూడ చర్మముపై పెంచెడివారు. అందుచేత గాంధీమహాత్ముడు దానిని మలినమైన పద్ధతిగను, గోమాంస భక్షణముతో సమానమైనదిగను భావించి తీవ్రముగా వ్యతిరేకించెను. 1930లో, ఉప్పు సత్యాగ్రహ యాత్రకు కొంచెము ముందు, సబర్మతి ఆశ్రమములోనే మశూచి ప్రవేశించి పిల్లలు మరణించిరి. ఆ మరణములు మహాత్ముని ఎంతయో బాధించినవి. ఆయన తన విశ్వాసమును విడువలేదు, అయినను దానిని ఇతరుల పిల్లలపై రుద్దలేదు. అంతటి సత్యసంధునికే ఇది చిక్కుముడి అయినదనిన, సామాన్య గృహస్థుడు తడబడుటలో ఆశ్చర్యము లేదు.

ఆ చిక్కుముడిని కాలము కొంతవరకు విప్పినది. టీకాను ప్రజలు అంగీకరించుటచేత మశూచి నశించినది. మశూచి నశించుటచేత సామాన్య ప్రజలకు ఆ టీకాయే అక్కరలేకపోయినది. ఆ టీకాకొరకు దూడల చర్మమును గీయుట కూడ ఆగినది. ప్రజలందరును అహింస పేరిట దానిని నిరాకరించి యుండినచో నేటికిని పిల్లలు మరణించుచుందురు, నేటికిని దూడలు బాధపడుచుండును. నిరాకరణము హింసను ఆపలేదు, ఆపజాలదు. రోగము నిలిచియున్నంత కాలము టీకాయు నిలిచియుండును. రోగమును తుదముట్టించుటయే రెండు హింసలకును ముగింపు.

ఐనను కప్పిపుచ్చుట తగదు. నేడును కొన్ని టీకాలలో జంతుసంబంధమైన జెలటిన్ కలదు. కొన్నిటిని కోడిగ్రుడ్లలో పెంచుదురు, కొన్నిటి తయారీలో దూడరక్తపు సీరము వాడుదురు. ఈ సత్యమును చెప్పియే విచారింపవలెను. జైనధర్మము యతికి మహావ్రతములను, గృహస్థునకు అణువ్రతములను విధించినది. సంకల్పపూర్వకమైన హింసను గృహస్థుడు పూర్తిగా విడువవలెను. వంటయింట, వృత్తిలో, ఆత్మరక్షణలో తప్పనిసరియై జరుగు హింసను వీలైనంత తగ్గింపవలెను. బిడ్డను రోగమునుండి కాపాడుట ఈ రెండవ కోవలోనిది. ఇంకొకటి గమనింపదగినది. పెద్దలు రక్తపుపోటుకై, షుగరుకై మ్రింగు మాత్రలలో, క్యాప్సూళ్లలో ఎన్నింటిలో జెలటిన్ ఉన్నదో విచారించువారు అరుదు. తమ ప్రాణమునకు ఒక తూకము, నోరులేని శిశువు ప్రాణమునకు మరియొక తూకము ఉండరాదు. వర్తకునకు దొంగతూకము ఎంత దోషమో వేరుగా చెప్పనక్కరలేదు. జంతుద్రవ్యము లేని టీకాలను తయారుచేయుడని కోరుట, అట్టి పరిశోధనకు ధనము నిచ్చుట అహింసాపరులకు తగిన పనులు. అవి వచ్చువరకు ఉన్న టీకాను మానుట తగిన పని కాదు.

రెండవ సందేహము సూక్ష్మమైనది. "టీకా వేయించి కీడు జరిగినచో ఆ పాపము నాది. వేయింపక రోగము వచ్చినచో అది దైవికము" అని తల్లి మనస్సు చెప్పును. చేసిన పనికి బాధ్యత ఉన్నట్లు చేయని పనికి లేదను భావన మానవ సహజము. కాని జైన శాస్త్రము హింసను చేతితో చేసిన దానికే పరిమితము చేయలేదు. హింసకు మూలము ప్రమాదము అని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున నిరూపించెను. ప్రమాదమనగా ఏమరుపాటు, అజాగ్రత్త. దీపముపై మూత పెట్టక పురుగులను చావనిచ్చినవాడు నేను చంపలేదని తప్పించుకొనజాలడు. నీరు వడకట్టక త్రాగినవాడు నాకు జీవులు కనబడలేదని చెప్పజాలడు. టీకా వేయించుట ఎట్లు ఒక నిర్ణయమో, మానుటయు అట్లే ఒక నిర్ణయము. రెంటికిని లెక్క వ్రాయవలసినదే.

ఆ లెక్కను దాపరికము లేక వ్రాసినచో ఇట్లుండును. తట్టు టీకా వలన కొందరికి జ్వరము వచ్చును. అరుదుగా జ్వరముతో మూర్ఛ వచ్చును. పదిలక్షల మోతాదులలో సుమారు ఒకదానికి తీవ్రమైన ఎలర్జీ కలుగవచ్చును. తట్టు రోగమే వచ్చినచో వేయిమందిలో సుమారు ఒకరికి మెదడువాపు వచ్చును. మంచి వైద్యము గల సంపన్న దేశములలో సైతము వేయికి ఒకరు మొదలు ముగ్గురి వరకు మరణించుదురు. బలహీనులైన పిల్లలలో మరణములు ఇంకను హెచ్చు. బ్రతికిన బిడ్డలో కూడ ఇతర రోగములతో పోరాడు శక్తిని తట్టు కొంతకాలము హరించునని పరిశోధకులు నిరూపించిరి.

మూడవ సందేహము హక్కునకు సంబంధించినది. నా బిడ్డ, నా ఇష్టము అనుట వినుటకు న్యాయముగానే యుండును. కాని తట్టు ఒక ఇంటి గోడల మధ్య నిలుచు రోగము కాదు. టీకా లేని చోట ఒక రోగినుండి పన్నెండు మొదలు పదునెనిమిది మంది వరకు సోకగలదు. రోగి వెడలిపోయిన పిమ్మట కూడ ఆ గది గాలిలో రెండు గంటలసేపు నిలిచియుండగలదు. శరీరముపై దద్దులు కనబడుటకు నాలుగు దినముల ముందునుండియే ఇతరులకు సోకును. కావున జబ్బు చేసినపుడు ఇంట నుంచుకొందుమను మాట పనికిరాదు.

ముహపత్తి ధరించు సాధుసాధ్వులను చూచి ఎదిగిన కుటుంబములకు ఇందలి ధర్మసూక్ష్మము వేరుగా బోధింపనక్కరలేదు. తన ఊపిరిచే గాలిలోని కంటికి కనబడని జీవికి బాధ కలుగరాదని ఆ వస్త్రమును ధరింతురు. అదే ఉపాశ్రయములో వ్యాఖ్యానము వినుటకు వచ్చిన ఒక తల్లి ఒడిలో ఆరు నెలల పాప యుండును. ఈ దేశ పద్ధతి ప్రకారము తట్టు టీకాలో మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండిన పిమ్మట, రెండవది పదునారు నెలలకును ఇరువది నాలుగు నెలలకును మధ్య వేయుదురు. ఆ పాపకు ఇంకను టీకా వేయు వయస్సు రాలేదు. ప్రక్కనే కేన్సరు చికిత్స పొందుచున్న బాలుడు ఉండవచ్చును, వానికి ఈ టీకా వేయరాదు. వీరిరువురికి చుట్టునున్నవారి టీకాలే గోడ. నూటికి తొంబదియైదు మంది టీకా పొందినపుడే ఆ గోడ నిలుచును. టీకా నిరాకరించిన ఇంటి బిడ్డ దగ్గినపుడు ఆ ఊపిరి ఎవరిని తాకునో ఎవరు చెప్పగలరు? వాయుకాయ జీవులను గూర్చి చింతించు ధర్మము పంచేంద్రియమైన ఆ శిశువును మరువవచ్చునా?

వర్తకులకు తెలిసిన పోలిక ఒకటి కలదు. బజారులో ప్రతి బేరమునను కొంత ధర్మాదా క్రింద తీసి సత్రమునకో పాంజరపోలునకో చెల్లించుట ఆచారము. తొంబది దుకాణములు చెల్లించుచుండగా ఒక దుకాణము మానినచో సత్రము మూతపడదు. ఆ దుకాణదారునకు లాభమే. అతనిని చూచి పదిమంది మానినచో సత్రము తలుపు మూయును. ఆనాడు ఆరుబయట నిలుచువాడు మానిన వర్తకుడు కాడు, ఎక్కడినుండియో వచ్చిన బీద బాటసారి. టీకాలు వేయింపక ఇరుగుపొరుగు టీకాల నీడలో బిడ్డను పెంచుట ఇట్టిదే. అచౌర్య వ్రతమునకు కూడ దీనితో సంబంధము లేకపోలేదు.

కర్మ ఉన్నంతవరకు రోగము రాకమానదు, టీకా ఏమి చేయునని కొందరు పెద్దలు అందురు. కాని జైనదర్శనము కార్యసిద్ధికి కాలము, స్వభావము, నియతి, పూర్వకర్మ, పురుషార్థము అను ఐదింటిని చెప్పినది. కర్మనొక్కదానినే పట్టుకొని పురుషార్థమును విడుచుట ఆ దర్శనము కాదు. రాత్రి దుకాణమునకు తాళము వేయునపుడు కర్మను తలంచి తాళము మానువాడు ఎవడును లేడు.

అనేకాంత వాదమును కూడ కొందరు ఇందు ప్రయోగింతురు. ప్రతి విషయమునకు అనేక పార్శ్వములు కలవు గదా, టీకా వ్యతిరేకుల మాట కూడ ఒక సత్యమే గదా అందురు. అన్ని పార్శ్వములు వినవలెననుట నిజము. విన్న పిమ్మట తూచరాదని ఆ వాదము చెప్పలేదు. 1998లో ఇంగ్లండులో పన్నెండుగురు పిల్లలను మాత్రము పరిశీలించి, తట్టు టీకాకును ఆటిజమునకును సంబంధము కలదేమోనను అనుమానమును ఒక వైద్యుడు లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. ప్రపంచము విన్నది. అనేక దేశములలో పరీక్షించినది. 2019లో డెన్మార్కులో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను పరిశీలించి అట్టి సంబంధము లేదని తేల్చిరి. ఆ మొదటి వ్యాసమును 2010లో పత్రికయే ఉపసంహరించుకొన్నది, అదే సంవత్సరము ఆ వైద్యుని పేరు వైద్యుల పట్టికనుండి తొలగింపబడినది. వినుట అనేకాంతము. తేలిన పిమ్మటను అదే అనుమానమును సెల్ ఫోనులో పదిమందికి పంపుట అనేకాంతము కాదు, అసత్య ప్రచారము. పంపినవాడు సత్యవ్రతమునకు జవాబుదారి.

తప్పు ఒకవైపే లేదు. సందేహముతో వచ్చిన తల్లిని కసరి పంపు వైద్యుడును, పొరపాటు జరిగినపుడు దాచు అధికారియు టీకాకు శత్రువులే. వ్యాపారమున పరపతి ఒకసారి పోయినచో మరల సంపాదించుట ఎంత కష్టమో సమోవా చరిత్ర వైద్యశాఖలకు నేర్పినది. బలవంతము వలన సూది గుచ్చవచ్చును గాని నమ్మకము పుట్టింపజాలరు. సమోవాలో ఎర్ర గుడ్డలు కట్టించు దినము వచ్చుటయే నమ్మకము ఆలస్యమైనదనుటకు గుర్తు. ఆ పని ముందుగా చేయగలవారు సంఘములోని పెద్దలు, వైద్యవిద్య నేర్చిన సంఘ యువతీయువకులు. చాతుర్మాస్య కాలమున, స్వామివాత్సల్యములందు పదిమంది కూడినపుడు, ఏ బిడ్డకు ఏ టీకా మిగిలినదో నెమ్మదిగా అడిగి తెలిసికొనుట గొప్ప జీవదయ.

సంవత్సరి దినమున శ్రావకులు తెలిసియు తెలియకయు చేసిన హింసకు సమస్త జీవులను క్షమింప వేడుదురు. "తెలియక" అను మాటలో ఎంతో ఊరట కలదు. పూర్వులకు ఆ ఊరట న్యాయముగానే లభించినది, రోగము ఎట్లు వచ్చునో, దానిని ఎట్లు ఆపవలెనో వారికి తెలియదు. నేటి గృహస్థునకు తెలియును. తెలిసిన పిమ్మట ఆ మాట చాటున నిలుచుటకు చోటు లేదు. క్షమాపణ కోరునపుడు ఎదుటి జీవి క్షమించుటకు బ్రతికి యుండవలెను గదా.